ఎక్కినంత మాత్రాన సరిపోయినట్టా?

"మర ఎక్కిందిగా, బిగించెయ్!" గుంటూరు, చిలకలూరిపేట, ఒంగోలు వైపు విడిభాగాల కొట్లలో ఇదో సిద్ధాంతమై కూర్చుంది. నట్టు తిరగడమే రుజువు అనుకోవడం తెలివితక్కువతనం. అరంగుళం బోల్టునే చూడండి. 1841లో ఇంజినీరు విట్‌వర్త్ ప్రతిపాదించిన బ్రిటిష్ పద్ధతిలో దానికి అంగుళానికి 12 చుట్లు, అమెరికన్ ముతక మరలో 13. పక్కనే అమ్మే మెట్రిక్ ఎం12 బోల్టుకు చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.75 మిల్లీమీటర్లు. ఇవి ఒకదానిలో ఒకటి చుట్టో రెండు చుట్లో ఎక్కి పట్టేస్తాయి. అక్కడ పానాకు గొట్టం తొడిగి తిప్పితే మర చితుకుతుంది. 5/16 అంగుళం దగ్గర మోసం మరీ లోతు. బ్రిటిష్, అమెరికన్ రెండింటికీ 18 చుట్లే కనుక నట్టు చివరిదాకా హాయిగా వెళ్తుంది. కానీ మర కోణం ఒకదానిది 55 డిగ్రీలు, మరొకదానిది 60. వాలు వాలుకు ఆనదు, బరువంతా సన్నటి అంచు మీద పడుతుంది. రోజంతా అదిరే జిన్నింగ్ యంత్రంలో అలాంటి బిగింపును నమ్మవచ్చా? ఊడిన నట్టు పత్తిలో పడి ఇనుముకు రాసుకుంటే నిప్పురవ్వ చాలు.

పాత మేస్త్రీలు ఇలాగే చేసేవారని కొట్లవాళ్లు వాదిస్తారు. అది వాళ్లను అవమానించడమే. మంచి మేస్త్రీ మరను వేలితో తడిమి, తెలిసిన బోల్టు పక్కన పెట్టి చూసి తేడా పట్టేవాడు. అదను దాటిపోతుందనే రైతు తొందర నిజమే. మిరప తోటకు తడి పెట్టాల్సిన రోజున మోటారు ఆగితే నష్టం ఎవరిది? అయినా ఏ మర పని ఆ మరదే. బోరులో మోటారు బరువు మోసే ప్లాస్టిక్ కాలమ్ పైపులకు చదరపు మర ఊరికే పెట్టలేదు. నాగార్జున సాగర్ కాలువల తూము షట్టర్లు ఎత్తే కడ్డీలదీ ఇదే తీరు. చదరపు మర బరువును నిలువునా మోస్తుంది, వాలు మర నట్టును పక్కలకు చీల్చడానికి చూస్తుంది, రాపిడీ పెంచుతుంది. కడ్డీ అరిగితే మామూలు బోల్టు మర కోసి అతికించే మరమ్మతు, పని తెలిసినవాడు చేసేది కాదు. నీటి పైపుల మర మళ్లీ వేరు: కొస సన్నబడే మర తానే బిగిసి నీళ్లాపుతుంది, సమానంగా ఉండేదానికి వాషరు కావాలి.

మెట్రిక్ కొలతలు తెచ్చిన తూనికలు కొలతల చట్టం 1956లోనే వచ్చినా అంగుళాల సరుకు పోలేదు, ఇప్పట్లో పోదు కూడా. కనీసం బ్రిటిష్, అమెరికన్, మెట్రిక్ బోల్టులను వేర్వేరు డబ్బాల్లో ఉంచి, ప్రతి కొట్లో మర చూసే పిచ్ గేజీ ఒకటి పెట్టమనండి.