నలువది దినములు, నాచారం వీధులు

ఈ యేడు మహాశివరాత్రి ఫిబ్రవరి 15న, విభూది బుధవారము 18న వచ్చినవి. ఆ బుధవారము ఉదయపు పూజ ముగించుకొని, నుదుట భస్మముతో ఉప్పల్ స్టేషనులో మెట్రో రైలెక్కిన క్రైస్తవ యువతిని చూచి, శివరాత్రి జాగరణమునాటి విభూది ఈమె నుదుట ఇంకను చెరుగలేదు కాబోలునని ప్రక్కవారు అనుకొనియుందురే గాని ఆశ్చర్యపడియుండరు. పాశ్చాత్యనగరములలో వింతగా తోచు ఈ చిహ్నము తెలుగునేలపై వింత కాదు. ఈ దేహము కడకేమగునో జ్ఞాపకము చేయుటకు భస్మముకంటె స్ఫుటమైన గురుతు లేదని మనవారికి ఎవరును కొత్తగా నేర్పనక్కరలేదు. కత్తోలికులు ఆ దినమునకు పెట్టుకొన్న పేరు సైతము ఈ నేలనుండి తీసికొన్నదే. క్రిందటి యేటి మట్టల ఆదివారమున ఆశీర్వదింపబడి, ఇండ్లలో సిలువ వెనుక దోపియుంచిన మట్టలను కాల్చి చేసిన బూడిద అది.

అయినను ఆ పూజయందే చదువబడు సువిశేషము, మత్తయి ఆరవ అధ్యాయములోనిది, దానమును చాటుకొనవలదనియు, ప్రార్థనను గది తలుపు మూసికొని చేయవలెననియు, ఉపవాసముండువాడు తలకు నూనె రాచుకొని ముఖము కడుగుకొని నలుగురివలె తిరుగవలెననియు బోధించును. ఉపవాసమును ముఖమున ప్రకటింపవలదని విన్న కొన్ని నిమిషములకే విశ్వాసి వరుసలో నిలిచి నుదుట బూడిద పెట్టించుకొనును. ఈ పఠనమును ఈ దినమునకు కూర్చినవారెవరో గాని, తెలిసియే కూర్చిరి. ఆ రెంటి నడుమ ఇరుకునపడిన మనస్సునందే తపస్కాల ధ్యానము పుట్టవలసియున్నది.

పుట్టుచున్నదా యనునదే నా సందేహము. నాచారంలో మా వీధిలో పాలపొట్లములు గుమ్మములకు చేరకముందే సెల్ ఫోనులకు ధ్యానములు చేరుచున్నవి. కేరళలోని గురువొకరు ఆంగ్లమున వ్రాసినది, అమెరికానుండి బంధువులు పంపినది, ఎవరో పాస్టరుగారి గళమున పది నిమిషముల తెలుగు ప్రసంగము, పూలబొమ్మపై అచ్చొత్తిన ఒక్క వాక్యము—ఇవన్నియు ఆరుగంటల లోపల వచ్చి, ఆరున్నరకెల్ల వేరొకరికి సాగిపోవును. ఆనాటి సువిశేషభాగమును మాత్రము ఆ ఇండ్లలో ఎవరును గ్రంథము తెరచి చదివియుండరు. నేను గూడ ఈ దోషమునకు వెలియైనవాడను కాను. క్రిందటి యేడు నలువది దినములలో ముప్పది దినములైనను పరుల ధ్యానములను చదివి నేను ధ్యానించినట్లు భ్రమపడితిని.

ఈ పఠనముల కూర్పును గూర్చి క్రైస్తవేతర పాఠకులకు ఒకింత చెప్పవలసియున్నది. విభూది బుధవారమునుండి పునరుత్థాన పండుగ ముందటి శనివారమువరకు లెక్కకు 46 దినములు. ఆదివారములు ఆరింటిని విడువగా 40. ఆ నలువదియే తపస్కాలము. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ప్రకటించిన ఆరాధనాశాసనములో బైబిలు నిధులను విశ్వాసులకు మరింత ఉదారముగా తెరువవలెనని నిర్ణయింపగా, 1969లో కొత్త పఠనముల పట్టిక వెలువడెను. ఆదివారములకు మూడేండ్ల చక్రమొకటి కలదు. తపస్కాలమునందలి వారదినములకు మాత్రము ఏటేట అవే పఠనములు. తొలి సోమవారమున తుది తీర్పు, రెండవ వారపు గురువారమున ధనవంతుడు–లాజరుల కథ, ఆ వెంటనే వచ్చు శనివారమున తప్పిపోయిన కుమారుడు, మూడవ వారపు శనివారమున పరిసయ్యుడు–సుంకరి. ధనుర్మాసమున తిరుప్పావై ముప్పది పాశురములను దినమున కొక్కటిగా విను వైష్ణవ గృహస్థునకు ఈ ఏర్పాటులోని రుచి వెంటనే బోధపడును: కథ కొత్తది కానక్కరలేదు, వినువాడు ఏడాది పెద్దవాడైనాడు. ప్రొటెస్టంటులలో కొందరు తపస్కాలమును శ్రమకాలమని పిలిచి, దినమున కొకరి యింట సాయంకాలపు కూటములు జరుపుకొందురు. ఈ కాలమును పాటింపని సంఘములును పెక్కు కలవు.

నా ఫిర్యాదు ధ్యానములు హెచ్చుగా వచ్చుచున్నవని కాదు, అవి ఏ ఊరిలోనివియు కాకపోవుట నన్ను బాధించుచున్నది. ఈ తపస్కాలములో నాకు చేరిన ఒక తెలుగు ధ్యానము, మంచు కరిగి వసంతము తొంగిచూచునట్లు మన హృదయములు కరుగవలెనని చెప్పి, ఈ నలువది దినములు చాక్లెట్లు మానుకొనుడని ముగించినది. ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటిన మార్చి మధ్యాహ్నమున, నాచారం పారిశ్రామికవాడలో రేకుల కప్పు క్రింద రెండవ షిఫ్టునకు నిలిచిన కార్మికుడు ఏ మంచును తలచుకొనవలెను, ఏ చాక్లెటును మానవలెను? పరభాషనుండి వచ్చినదెల్ల పనికిరాదని నా వాదము కాదు. కౌమన్ దొరసాని 1925లో ఆంగ్లమున వెలువరించిన ధ్యానగ్రంథము ‘ఎడారిలో సెలయేర్లు’గా తెలుగై, ఎన్నో యిండ్లలో బైబిలు ప్రక్కన చోటు సంపాదించుకొనలేదా? కాని 1812లోనే మూడు సువార్తలు, 1818లో కొత్త నిబంధన తెలుగున అచ్చుపడినవి. రెండు శతాబ్దములు దాటినను, చదివిన భాగమునుగూర్చి నాలుగు మాటలు మన నోట మనము చెప్పుకొనలేక ఎరువు తెచ్చుకొనుట చిన్నతనమే.

సమరయ స్త్రీ కథను తీసికొందము. ఈ యేడు అది మూడవ ఆదివారమున, మార్చి 8న, మహిళాదినమునాడే వచ్చినది. మిట్టమధ్యాహ్నము ఒంటరిగా యాకోబు బావికి వచ్చిన ఆమెను యేసు దాహమునకు నీరడుగును. యూదుడవై యుండి నన్నెట్లు నీరడుగుచున్నావని ఆమె నివ్వెరపోవును, ఏలయన యూదులకు సమరయులతో పొత్తు లేదు. దిగుమతియైన ధ్యానములు ఈ భాగమును ‘ఆత్మదాహము’ అను ఒక్క పదములో ముంచివేయును. తెలుగు విశ్వాసికి అంత తొందర తగదు. ఈ సంఘములలోని అనేక కుటుంబముల పెద్దలు ఊరిబావికి దూరముగా నిలిచి, ఎవరైన పైనుండి దోసిలిలో నీరు పోయుదురా యని ఎదురుచూచినవారు. ఆ జ్ఞాపకము గలవానికి, అంటరానిదిగా ఎంచబడినదాని పాత్రతో నీరు త్రాగుటకు ఒకడు చేయి చాచెననుట ఉపమానము కాదు, సంఘటన. దళిత కుటుంబమునుండి వచ్చి 2022 ఆగస్టు 27న కార్డినలైన మొదటివారు మన హైదరాబాదు అగ్రపీఠాధిపతి ఆంతోని పూల గారేయని పత్రికలన్నియు వ్రాసినవి. కాని ఆ బావి ఒడ్డు జ్ఞాపకమునుండి పుట్టిన ధ్యానమొక్కటియు ఈ మార్చి 8న నా ఫోనులోనికి రాలేదు. ఆనాడే మా వీధి చివర నీళ్ల ట్యాంకరువద్ద బిందెలతో నిలిచినవారందరును స్త్రీలేయని గూడ ఇచ్చట చెప్పవలసియున్నది. బోరు ఎండిన అపార్టుమెంటులకు డబ్బిచ్చిన నీరు వచ్చును, బస్తీలకు వంతున వచ్చును.

నాల్గవ వారపు మంగళవారము, ఈ యేడు ఉగాదికి రెండు దినముల ముందు, యోహాను ఐదవ అధ్యాయమునుండి బెతెస్ద కోనేటి కథ చదువబడెను. ముప్పదియెనిమిదేండ్లుగా పడియున్న రోగిని స్వస్థుడవు కాగోరుచున్నావా యని యేసు అడుగగా, ఔనను ఒక్క మాట అతని నోట రాలేదు. నీళ్లు కదలినపుడు నన్ను దింపువా రెవ్వరును లేరు, నేను పోవులోపల మరియొకడు దిగుచున్నాడని చెప్పుకొనెను. నాచారం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ప్రక్కనుండి నడచుచు ఈ భాగమును తలపోసిన యెడల, పండితుల వ్యాఖ్యానము లేకయే అర్థమగును. 1948నాటి చట్టముతో మొదలైన ఆ బీమా ఏర్పాటులో, 2019నుండి నూరు రూపాయల జీతమునకు కార్మికుడు 75 పైసలు, యజమాని 3 రూపాయల 25 పైసలు చెల్లించిరి. హక్కుగా వచ్చిన వైద్యమది, దయాధర్మము కాదు. అయినను ఏ పెద్దాసుపత్రియందైనను రోగులు రెండు తెగలుగా కనబడుదురు: చీటీ వ్రాయించుటకును, మందుల వరుసలో నిలుచుటకును, చక్రముల కుర్చీ త్రోయుటకును వెంట ఒకరున్నవారు, ఎవరును లేనివారు. ఒడిశానుండియో బీహారునుండియో వచ్చి కర్మాగారమున చేరి, భాష రాక, చేతిలో కార్డుతో గోడకానుకొని కూర్చున్న కుఱ్ఱవాడు ఆ రెండవ తెగవాడు. మంగళవారము ఉదయపు ధ్యానము ఆ ఆసుపత్రి గేటువద్దకు ఒక మనుష్యుని నడిపింపజాలనిచో, దానిని ఎంత చక్కగా వ్రాసిననేమి?

ధ్యానము అంతరంగవ్యాపారమనియు, దానిని సంఘసేవగా మార్చుట సువిశేషమును తగ్గించుటయే యనియు కొందరు ఆక్షేపింతురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. లోపల కదలిక లేక బయట తిరుగువాని సేవ త్వరలోనే పటమునకు ఎక్కుటకై చేయు సేవయగును, తొలినాటి సువిశేషము హెచ్చరించినది దానినే. కాని విభూది బుధవారము దాటి రెండవనాడు, శుక్రవారమున, మొదటి పఠనముగా యెషయా ఏబదియెనిమిదవ అధ్యాయమును పెట్టినవారు ఈ తగవును ముందే తీర్చిరి: బంధితుల కట్లు విప్పుటయు, ఆకలిగొన్నవానికి అన్నము పంచుటయు దేవునికి ఇష్టమైన ఉపవాసమని ప్రవక్త చెప్పును. మూడు దినములు గడచిన పిదప తొలి సోమవారమున వచ్చు తీర్పు కథలో ఆకలి, దప్పి, పరదేశము, దిగంబరత్వము, రోగము, చెర అను ఆరింటిని న్యాయాధిపతి లెక్కించును. ఉప్పల్ కూడలిలో నిలిచి ఆ ఆరింటికి చిరునామాలు చెప్పుట కష్టము కాదు. రోగికి ఆసుపత్రి కలదు, పరదేశికి పారిశ్రామికవాడ గదులు కలవు, చెరకు చర్లపల్లి కేంద్ర కారాగారము ఎంతో దూరము లేదు. కూడలిలో స్కైవాక్ ఎక్కి దిగుటలోను, నారపల్లి వైపు 2018లో మొదలై ఏండ్ల తరబడి సాగిన వంతెన పనుల దుమ్ములోను మనకు సగము జీవితము గడచును గాని, ఆ చిరునామాలలో ఒక్కదానికైన ఈ నలువది దినములలో పోయినవారు ఎందరు? నేను ఒక్కదానికే పోయితిని, అదియు బంధువును చూచుటకు.

మంచము పట్టిన వృద్ధురాలికి, రాత్రి షిఫ్టునుండి వచ్చి పూజకు పోలేని నర్సుకు, ఫోనులో వినబడు పది నిమిషముల ప్రసంగము నిజముగా ఊరటయే. దానిని నిలిపివేయుడని ఎవరును కోరరాదు, నేనును కోరను. నేను కోరునది వేరు. రామంతాపూర్‌లోని సెయింట్ జాన్స్ గురువిద్యాలయమున ప్రసంగములు నేర్చుకొనుచున్న యువకులు మన ప్రక్కనే యున్నారు. ఉప్పల్, నాచారం, హబ్సిగూడలలోని విచారణల గురువులును, ప్రొటెస్టంటు సంఘముల పాస్టరులును, ఈ నలువది భాగములను నలువదిమంది ఇరుగుపొరుగువారికి పంచి, ఒక్కొక్కరిచేత అరపుట వ్రాయింపలేరా? బెతెస్ద కథను ఆసుపత్రి నర్సు వ్రాయవలెను. ద్రాక్షతోట కౌలుదారుల కథను మడిచెక్క అమ్ముకొని నగరమునకు వచ్చిన రైతు వ్రాయవలెను. తప్పిపోయిన కుమారుని కథను, అన్నదమ్ముల ఆస్తి తగవులో కోర్టులచుట్టు తిరిగినవాడొకడు, పేరు చెప్పకుండ వ్రాయవలెను. వ్రాయలేనివారు చెప్పగా పిల్లలు వ్రాసిపెట్టవచ్చును. తప్పులున్నను దిద్దవలదు. ముందు సువిశేషభాగము, దాని క్రింద ఆ అరపుట, గుడి గుమ్మమువద్ద నల్లబల్లకు అంటించిన చాలును. ఫోనులలోనికి అది తనంతట పోవును.

రాబోవు విభూది బుధవారము 2027 ఫిబ్రవరి 10. వారదినముల పఠనములు ఇప్పుడున్నవే. పట్టిక నేటికే చేతిలోనున్నది. మీకు ఏ భాగము కావలెనో మీ గురువుగారితోనో పాస్టరుగారితోనో ఈ పునరుత్థాన పండుగ వెళ్లగానే చెప్పుడు. పరిసయ్యుడు–సుంకరి కథను మాత్రము నాకు విడువుడు.