మీ నీడ పొడవెంత?

ఉదయం తొమ్మిది గంటలకు పామర్రు సెంటర్‌లో బస్సు కోసం నిలబడేది ఎక్కువగా మీలాంటి వాళ్లే. బందరులోని కృష్ణా విశ్వవిద్యాలయానికి కొందరు, కానూరు ఇంజినీరింగ్ కాలేజీలకు, విజయవాడ కోచింగ్ సెంటర్లకు ఇంకొందరు. స్కూటీ మీద వెళ్లే అమ్మాయిలు కళ్లు తప్ప ముఖమంతా చున్నీ చుట్టుకుంటారు. అబ్బాయిల నెత్తిన టోపీ కూడా ఉండదు. ఎందుకని అడిగితే అమ్మాయిలు ‘నల్లబడిపోతాం’ అంటారు, అబ్బాయిలు ‘మాకేమవుతుందిలే’ అంటారు. ఇద్దరూ ఎండను రంగు లెక్కలోనే చూస్తున్నారు. ఆరోగ్యం లెక్క ఎవరికీ పట్టడం లేదు.

ఎండ వేడి వేరు, అందులోని అతినీలలోహిత కిరణాలు వేరు. వేడి ఒంటికి తెలుస్తుంది, ఈ కిరణాలు తెలియవు. వీటి తీవ్రతను చెప్పే అంకె పేరు యూవీ ఇండెక్స్. చాలా ఫోన్లలో వాతావరణం యాప్ తెరిస్తే కనిపిస్తుంది. అది 3కు చేరితే జాగ్రత్త మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దగ్గర వేసవి మధ్యాహ్నాల్లో 11 దాటడం మామూలే. ఫోన్ చూసే తీరిక లేకపోతే నీడను చూసుకోండి. మీ నీడ మీకన్నా పొట్టిగా ఉందంటే కిరణాలు తీవ్రంగా ఉన్నట్టే.

కృష్ణా డెల్టాలో ఏడాదికి రెండుసార్లు, మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారం చివర్లో మరోసారి, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మే నెలలో మనమే భయపడి నీడ పట్టున ఉంటాం. ఆగస్టులో మబ్బుగా ఉందని తిరిగేస్తాం. పల్చటి మబ్బు ఉన్నా ఈ కిరణాల్లో 80 శాతం దాకా కిందికి దిగగలవు.

దీనివల్ల అందరికీ క్యాన్సర్ వస్తుందని భయపెట్టడం సరికాదు. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ, అది కొంత రక్షణ ఇస్తుంది. ఆస్ట్రేలియాతో పోలిస్తే చర్మ క్యాన్సర్ ఇక్కడ చాలా తక్కువ. అయితే తక్కువ కాబట్టే ఎవరూ అనుమానించరు, ఆలస్యంగా బయటపడుతుంది. మనలాంటి రంగువారిలో ప్రమాదకరమైన మెలనోమా తరచుగా అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద వస్తుంది. దానికి ఎండ ప్రధాన కారణం కాదు కాబట్టి సన్‌స్క్రీన్‌తో ఆగదు. కనిపెట్టి చూసుకోవడం ఒక్కటే దారి. గాయకుడు బాబ్ మార్లేకు అది కాలి బొటనవేలి గోరు కింద మొదలైంది. 1981లో, 36 ఏళ్లకే చనిపోయాడు. నెల దాటినా మానని పుండు, పెరుగుతున్న లేదా రంగు మారుతున్న మచ్చ, గోటిపై వెడల్పవుతున్న నల్లటి చార కనిపిస్తే చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. విజయవాడ, మచిలీపట్నం ప్రభుత్వ బోధనాసుపత్రులు దగ్గర్లోనే ఉన్నాయి.

ఇప్పుడు మీ వయసులో ఎక్కువమందికి ఎదురయ్యే ప్రమాదం సంగతి. ఇంటర్వ్యూ పది రోజుల్లో ఉందనగా ‘ట్యాన్ పోవాలి’ అని మెడికల్ షాపులో క్రీమ్ అడుగుతారు. అక్కడ ఇచ్చేదాంట్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. వారంలో ముఖం తేటబడుతుంది. నెలలు వాడితే చర్మం పలచబడి, మొటిమలు, ఎరుపు, ముఖం మీద వెంట్రుకలు మొదలవుతాయి. ఆపితే మంట, ఎండలోకి వెళ్తే ఇంకా మంట. ఈ రకం క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. అయినా అడిగితే ఇచ్చేవాళ్లున్నారు. అడగకపోవడం మీ చేతుల్లో ఉంది. నలుపు జబ్బు కాదు, దానికి మందు అక్కర్లేదు.

చేయాల్సింది పెద్ద ఖర్చేం కాదు. మన తాతలు తలగుడ్డ లేకుండా పొలానికి వెళ్లలేదు, గొడుగు పట్టుకోవడానికి సిగ్గుపడలేదు. నిండు చేతుల నూలు చొక్కా, అంచున్న టోపీ, గొడుగు ముందు. ముఖం, మెడ, చెవులు వంటి కప్పుకోలేని చోట ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ రాసుకుని, బయట ఉన్నంతసేపు రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు 1600 మీటర్ల పరుగు సాధన చేసేవారు పొద్దు పొడిచేలోపే మొదలుపెట్టి ఎనిమిదింటికల్లా ముగించండి. బొల్లి మచ్చలున్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

బాధ్యత మీ ఒక్కరిదే కాదు. జాబ్ మేళాకు వందలమందిని పిలిచి గేటు బయట ఎండలో వరుస కట్టించడం నిర్వాహకులకు తగదు. షామియానా, తాగునీరు, వేళలవారీ టోకెన్లు ఏర్పాటు చేయాలి. మీ ప్లేస్‌మెంట్ సెల్‌ను ఈ మాట అడగండి. రేపు సర్వేయర్‌గానో, సైట్ ఇంజినీర్‌గానో, సేల్స్‌లోనో చేరితే రోజంతా బయటే పని. చేరేటప్పుడు జీతం అడిగినట్టే, మధ్యాహ్నం పని వేళలు, నీడ సంగతి కూడా అడగండి. చర్మానికి ఎండ చేసే నష్టం ఏళ్ల తరబడి పోగవుతుంది. ఇరవైలో వేసుకున్న టోపీ విలువ యాభైలో తెలుస్తుంది.