గాడ్జిల్లా లెక్క తప్పు, హెచ్చరిక తప్పు కాదు

యాభై మీటర్ల ఎత్తున్న జంతువు నేల మీద నిలబడగలదా? భౌతికశాస్త్రం కుదరదంటుంది. ఆకారం మారకుండా జీవి ఎత్తు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. ఆ బరువు మోసే ఎముకల అడ్డుకోత వైశాల్యం మాత్రం నాలుగు రెట్లే పెరుగుతుంది. పైగా రేడియోధార్మికత కణాలను దెబ్బతీస్తుంది తప్ప, నోట అగ్నికిరణాలు పుట్టించదు. ఈ కొలతతో చూస్తే 1954 నాటి జపాన్ సినిమా ‘గాడ్జిల్లా’కు సున్నా మార్కులే. అయితే ఈ తప్పులు పట్టడం దగ్గరే ఆగిపోతే, ఆ సినిమాలోని అసలు విజ్ఞానం మన కంట పడదు.

1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల్లో అమెరికా ‘కాసిల్ బ్రావో’ పేరుతో హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. సుమారు 6 మెగాటన్నుల పేలుడును ఆశిస్తే 15 మెగాటన్నులు వచ్చింది. అంటే హిరోషిమా బాంబుకు దాదాపు వెయ్యి రెట్లు. కారణం లిథియం. ఇంధనంలో ఉన్న లిథియం-7 ఐసోటోపు ఈ చర్యలో పెద్దగా పాలుపంచుకోదని శాస్త్రవేత్తలు భావించారు. కానీ వేగవంతమైన న్యూట్రాన్లు తగిలి అదీ విడిపోయింది, సంలీనానికి కావలసిన ట్రిటియాన్ని అదనంగా అందించింది.

ఆ పొరపాటుకు మూల్యం చెల్లించిన వారిలో మార్షల్ దీవుల ప్రజలతో పాటు ‘లక్కీ డ్రాగన్ నం. 5’ అనే జపాన్ చేపల పడవలోని 23 మందీ ఉన్నారు. ప్రమాద పరిధిగా ప్రకటించిన ప్రాంతానికి వెలుపలే ఉన్నా, వారిపై తెల్లటి బూడిద గంటల తరబడి కురిసింది. పడవలోని రేడియో ఆపరేటర్ ఐకిచి కుబొయామా సెప్టెంబర్ 23న మరణించారు. ‘గాడ్జిల్లా’ విడుదలైంది నవంబర్ 3న.

సినిమా మొదట్లోనే సముద్రంలో ఒక్కసారిగా వెలుగు, మంటల్లో ఓడ. అదేమిటో ఆనాటి జపాన్ ప్రేక్షకులకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. మృగం చర్మాన్ని అణుబాంబు బాధితుల కాలిన మచ్చలను తలపించేలా తయారు చేశారు. దర్శకుడు ఇషిరో హోండా యుద్ధం ముగిశాక సైనికుడిగా ఇంటికి తిరిగి వస్తూ హిరోషిమా శిథిలాలను చూసినవాడు. అందుకే ఇందులో నగర విధ్వంసం వినోదంలా అనిపించదు. ఆసుపత్రిలో చిన్నారి ముందు గైగర్ కౌంటర్ పెట్టే దృశ్యం ఏ పోరాట దృశ్యం కంటే భయపెడుతుంది.

మృగాన్ని చంపగల ఆయుధం కనిపెట్టిన శాస్త్రవేత్త సెరిజావా సందిగ్ధం ఈ సినిమాకు గుండెకాయ. దాన్ని ఒక్కసారి వాడితే చాలు, అది ప్రభుత్వాల చేతుల్లోకి వెళ్తుందని అతనికి తెలుసు. అందుకే కాగితాలు తగలబెట్టి, ఆయుధంతో పాటు తానూ సముద్రంలో ఉండిపోతాడు. పరిశోధకుడి బాధ్యత ప్రయోగశాల గుమ్మం దగ్గర ముగుస్తుందా అన్న ప్రశ్నను ఇంత సూటిగా అడిగిన సినిమాలు తక్కువే.

ఈ సినిమాపై ఒక విమర్శ న్యాయమైనదే. జపాన్ అనుభవించిన బాధ ఇందులో ఉంది. జపాన్ సైన్యం ఆసియా దేశాలకు కలిగించిన బాధ లేదు. అయినా అణుపరీక్షల భయం ఒక్క జపాన్‌దే కాదు. అదే ఏడాది ఏప్రిల్ 2న మన ప్రధాని నెహ్రూ లోక్‌సభలో అణుపరీక్షల నిలిపివేతకు పిలుపునిచ్చారు. పాక్షిక అణుపరీక్షల నిషేధ ఒప్పందం రావడానికి 1963 దాకా పట్టింది.

తర్వాతి సినిమాల్లో గాడ్జిల్లా పిల్లల హీరోగా, భూమిని కాపాడే రక్షకుడిగా మారింది. మృగం మిగిలింది, బూడిద కనుమరుగైంది. తరగతిలో ఎముకల లెక్క చెప్పేందుకు గాడ్జిల్లా మంచి ఉదాహరణే. అదే గంటలో లిథియం-7 లెక్క కూడా చెప్పాలి. మొదటి లెక్క తప్పినందువల్ల ఎవరికీ నష్టం లేదు. రెండోది తప్పినప్పుడు మనుషులు చనిపోయారు.