ముత్తాత జట్కా, మునిమనవరాలి జీను

మొన్నామధ్య మా అమ్మాయి మొట్టమొదటిసారి గుర్రాల పోటీకి వెళ్ళింది. ఈ మాట ఆఫీసులో చెప్పగానే తెలుగు మిత్రుడొకాయన "రేసులా? ఎంత పెట్టావేంటి?" అన్నాడు. ఆయన తప్పేం లేదు లెండి. మనకి గుర్రమంటే అయితే మలక్‌పేట రేసులు, లేదంటే పెళ్ళి బారాత్. మూడోది తట్టదు.

మేముండేది న్యూజెర్సీలో. ఈ రాష్ట్రానికి 1977 నుంచీ అధికారిక జంతువు గుర్రమే! మా ఇంటికి అరగంట దూరంలో ఉన్న ఒక గుర్రపుశాలలో మా తొమ్మిదేళ్ళ పిల్ల వారానికోసారి స్వారీ నేర్చుకుంటోంది. పక్కింటి పిల్లతో కలిసి ఊరికే చూడ్డానికెళ్ళి, అక్కడే అతుక్కుపోయింది.

ముందు అసలీ పోటీ ఏమిటో చెప్తాను. ఇది పరుగు పందెం కాదు. సినిమాల్లో కౌబాయ్ ఎక్కే జీనుకి ముందు ఒక కొమ్ములాంటిది ఉంటుంది, పశువుని తాడేసి పట్టాక ఆ తాడు చుట్టడానికి. ఇంగ్లీషు పద్ధతి జీనుకి అదుండదు, పలచగా ఉంటుంది, పట్టుకోడానికి ఏమీ దొరకదు. ఆరేడుగురు పిల్లలు కంచె లోపల గుండ్రంగా తిరుగుతుంటారు, మధ్యలో జడ్జి నిలబడి చూస్తుంటారు. మైకులో నడవమంటే నడవాలి, ట్రాట్ అంటే ట్రాట్, వెనక్కి తిరగమంటే తిరగాలి. ఈక్విటేషన్ అనే విభాగంలో గుర్రానికి కాదు, ఎక్కినవాళ్ళకి మార్కులు. మడమలు కిందికి, చూపు ముందుకి, చేతులు నెమ్మదిగా. అంతే.

అంతే అన్నాను గానీ ట్రాట్ దగ్గర తెలుస్తుంది అసలు సంగతి. ట్రాట్‌లో ఎదురు మూలల కాళ్ళు జంటగా కదుల్తాయి, కూర్చున్నవాళ్ళు ఎగిరెగిరి పడతారు. అందుకని ఆ లయకి తగ్గట్టు లేచి కూర్చుంటూ ఉండాలి. అదీ ఎలాగంటే, కంచె వైపున్న ముందుకాలు ముందుకి పడినప్పుడు లేవాలి. గుర్రం దిశ మారిస్తే కంచె వైపు కాలు కూడా మారిపోతుంది కదా, అప్పుడు ఒక కుదుపు అదనంగా కూర్చుని లయ మార్చుకోవాలి. మా పిల్లకి ఇక్కడే తకరారు.

ఇక నాలోని ఇంజనీరు నిద్ర లేచాడు. ఎక్సెల్‌లో పట్టీ తయారుచేశాను. సోఫా చెయ్యి మీద కూర్చోబెట్టి లేపడం, కూర్చోబెట్టడం. యూట్యూబ్ వీడియోలు ఆపి ఆపి చూపించడం. రోజూ రాత్రి "ఎన్నోది వస్తావనుకుంటున్నావ్?" అని అడగడం. మనం ఎంసెట్ ర్యాంకుల్లోంచి నడిచొచ్చిన బాపతు కదా, ఇంకో ప్రశ్న అడగడం చేతకాదు :-)

పోటీ ముందు రోజు సాయంత్రం పిల్ల కడుపునొప్పి అని పడుకుంది. కాసేపటికి మెల్లగా అడిగింది, "డాడీ, నేను లాస్ట్ వస్తే రైడింగ్ మాన్పిస్తావా?"

గుండె జారిపోయింది. రెండు నెలల కింద ఫీజు కడుతూ "ఇంత పోస్తున్నాం, ఏదో ఒకటి రాకపోతే దండగే" అని మా ఆవిడతో అన్నాను. పిల్ల పక్క గదిలో ఉందని అప్పుడు గుర్తు లేదు.

ఆ రాత్రే మానుకోట నుంచి అమ్మ ఫోన్. (మహబూబాబాద్‌ని మేమిప్పటికీ మానుకోట అనే అంటాం. మా చిన్నప్పుడు వరంగల్ జిల్లా, 2016లో సొంతంగా జిల్లా అయింది.) సంగతి విని అమ్మ నవ్వింది. "గదేంది బిడ్డా, తాత జట్కా తోలిండని సిగ్గువడ్తివి. ఇప్పుడు పైసలిచ్చి పిల్లను గుర్రమెక్కిస్తున్నవా?"

నిజమే. మా తాత స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. ఏడో క్లాసులో ఉండగా ఓసారి వానొస్తోందని బడి గేటు దగ్గరికి బండి తీసుకొచ్చాడు. పక్కన దోస్తులున్నారు. నేను తాతని చూడనట్టే తలొంచుకుని వానలో నడుచుకుంటూ పోయాను. తాత పిలవలేదు. ఇంటికొచ్చాక కూడా ఒక్క మాట అనలేదు. ముప్పై ఏళ్ళు దాటింది, ఈ సంగతి మా ఆవిడక్కూడా చెప్పలేదు.

ఆ రాత్రి మా అమ్మాయికి చెప్పాను. తాత రాత్రిపూట ఉలవలు ఉడకబెట్టడం, గుర్రం తినందే తను కంచం ముందు కూర్చోకపోవడం, "బిడ్డా, ముందుగాల దానికి వెట్టు" అనడం, నాలుగు కాళ్ళూ ఎత్తి డెక్కల్లో రాయేమైనా ఇరుక్కుందా అని వేలితో తడిమి చూడడం. గుర్రానికి సరిగ్గా తన వెనకాల ఏముందో కనపడదు, అందుకే వెనక నుంచి పోవద్దనేవాడు. పిల్ల లేచి కూర్చుంది. "మా టీచర్ కూడా సేమ్ అదే చెప్తుంది!" అంది. ఉలవల్ని ఇంగ్లీషులో గుర్రప్పప్పు అనే అర్థం వచ్చేలా పిలుస్తారని చెప్తే ఇంకా సంబరపడింది. కడుపునొప్పి ఎటుపోయిందో!

పొద్దున్నే ఆరింటికి వెళ్ళాం. ఒళ్ళు దువ్వడం, డెక్కలు శుభ్రం చెయ్యడం, జీను తుడవడం అన్నీ తనే చేసింది. నేను ఎక్సెల్ పట్టీ కార్లోనే వదిలేశాను. రింగులో మొదటి సగం బాగానే ఉంది. దిశ మార్చమనగానే లయ తప్పింది, చుట్టు పూర్తయ్యేదాకా గమనించుకోలేదు. ఆరుగురిలో ఆరోది. ఇక్కడ ఆరో స్థానానికి ఆకుపచ్చ రిబ్బన్ ఇస్తారు. (మొదటిదానికి నీలం. అదే ఇంగ్లండులో అయితే మొదటిదానికి ఎరుపు, ఇంగ్లీషు పద్ధతి అని పేరే గానీ!) గుర్రం దిగి నా దగ్గరికి రాలేదు. ముందు దాని నడుం పట్టీ వదులు చేసి, నీళ్ళు పెట్టి, క్యారెట్ తినిపించి, అప్పుడొచ్చింది. ఎన్నోది వచ్చావని నేనడగలేదు. తనే రిబ్బన్ చూపించి "ఇది తాతకి" అంది.

నేను చెప్పొచ్చేదేమిటంటే, మనవాళ్ళు పిల్లల్ని ఏ సరదాలో చేర్చినా కాలేజీ అప్లికేషన్లో ఒక గీత కోసమే చేరుస్తున్నారు. చదరంగం, స్పెల్లింగ్ బీ, ఇప్పుడు గుర్రం. పోటీలొద్దని నేననడం లేదు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన దేశం డ్రెస్సాజ్ జట్టు విభాగంలో బంగారు పతకం గెలిచింది. గుర్రపుస్వారీలో 41 ఏళ్ళ తర్వాత వచ్చిన స్వర్ణమది. నలుగురి జట్టులో ఇద్దరు అమ్మాయిలు. సంతోషమే. కానీ తొమ్మిదేళ్ళ పిల్లకి మొదటి పోటీలో కావలసింది పతకం కాదు, చివరొచ్చినా వచ్చే వారం క్లాసు ఉంటుందన్న భరోసా. నేను ఆ ఒక్కటే మర్చిపోయి మిగతావన్నీ సిద్ధం చేశాను.

ఎవరైనా ఈ దారిలో ఉంటే నాకు తెలిసింది చెప్తాను. కోటు, బూట్లు వాడినవి కొనండి, ఏడాదికల్లా పొట్టయిపోతాయి. హెల్మెట్ మాత్రం కొత్తదే కొనండి, ఒకసారి దెబ్బ తిన్నది పైకి బాగానే కనపడొచ్చు గానీ పనికి రాదు. రింగు పక్కన నిలబడి అరవకండి, పిల్ల మిమ్మల్ని చూస్తే గుర్రం దారి తప్పుతుంది. గుర్రం పనులు పిల్ల చేతే చేయించండి. "మనం డబ్బులు కడుతున్నాం కదా, వాళ్ళు చేస్తార్లే" అంటే ఆ పిల్లకి గుర్రం అద్దె కారుతో సమానం.

ఇక ఆ ఆకుపచ్చ రిబ్బన్. దసరాకి ఇంటికెళ్ళినప్పుడు మానుకోటలో తాత ఫోటోకి కడతానంటోంది మా అమ్మాయి. కట్టనీ. ఆ రోజు వానలో ఆయన బండెక్కనివాణ్ణి, నేనూ పక్కన నిలబడాలి కదా.

మీ పిల్లల మొదటి పోటీ రోజున మీరేం చేశారు? చెప్పండి.