తండ్రిని ఇంట్లోంచి పంపింది ఎవరు?



గత ఆదివారం మీ పత్రిక అనుబంధంలో ఉచిత పథకాల మీద వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు. రేషన్ బియ్యం, పింఛన్లు జనాన్ని సోమరులను చేస్తున్నాయని వ్యాసకర్త గారు అనుకుంటే అలాగే రాసుకోవచ్చు. మధ్యలో అమెరికా నల్లజాతివాళ్లను ఎందుకు లాక్కొచ్చారు? అక్కడ ప్రభుత్వం ఊరికే డబ్బులిచ్చిందట, మగవాళ్లు పెళ్లాం పిల్లలను వదిలేశారట, కుటుంబాలు కూలిపోయాయట, రేపు మన పల్లెలకూ అదే గతట. ఒక జాతి జాతినంతా నాలుగు వాక్యాల్లో తేల్చేశారు. పక్కన చంటిబిడ్డను ఎత్తుకున్న నల్లజాతి తల్లి ఫొటో ఒకటి. ఆమె ఉద్యోగం చేసుకుంటోందో లేదో, భర్త ఉన్నాడో లేడో ఆ ఫొటో వేసినవారికి తెలుసా?

నేను అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఒక ఆసుపత్రి ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేసి, రిటైరై గుంటూరు వచ్చేశాను. ఆయన రాసిన కుటుంబాల బిడ్డలకు నేను నీళ్లు పోశాను. తండ్రి తోడు లేకపోతే పిల్లలకు నష్టమేనని నేనూ ఒప్పుకుంటాను. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల కాన్పుకి వస్తే, పక్కన కూర్చున్నది వాళ్లమ్మ ఒక్కతే అయితే, ఆ అమ్మ కూడా రాత్రి డ్యూటీ చేసి అటునుంచి అటే వచ్చి ఉంటే, అది ఎంత బరువో చూసినవాళ్లకు తెలుస్తుంది. 1965లో మొయినిహాన్ అనే అధికారి ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో, నల్లజాతి బిడ్డల్లో నూటికి సుమారు 24 మంది పెళ్లి కాని తల్లులకు పుడుతున్నారని రాశాడు. ఇప్పుడది సుమారు 70. దాన్ని దాచిపెట్టమని ఎవరూ అడగరు. అదే కాలంలో తెల్లవాళ్లలో 3 నుంచి 30కి దగ్గరగా వెళ్లిందని కూడా పక్కనే రాయాలి కదా. ఆ మాట వ్యాసంలో ఎందుకు లేదు?

సాయం వల్ల ఇళ్లు చెడలేదా అంటే, చెడ్డాయి. ఎలా చెడ్డాయో చెబుతాను. ఒకప్పుడు చాలా రాష్ట్రాల్లో పేద తల్లికి సాయం అందాలంటే ఇంట్లో ఒళ్లు వంచి పనిచేయగల మగవాడు ఉండకూడదనేవారు. సెయింట్ లూయిస్‌లోనే ప్రూయిట్-ఐగో అని 33 పదకొండంతస్తుల భవనాల ప్రభుత్వ కాలనీ ఉండేది. 1954లో జనం దిగడం మొదలైంది, 1972లో కూల్చివేత మొదలైంది. అక్కడ పెరిగి పెద్దవాళ్లయినవారు చెప్పేది ఒకటే: నాన్న ఉంటే డబ్బు రాదు, కాబట్టి నాన్న వెళ్లిపోవాలి, వచ్చినా ఎవరికీ కనపడకూడదు. అలబామాలో ఇంకా ఘోరం. ఒక విధవరాలు తెల్లవారుజామున మూడున్నరకే హోటల్ వంటగదికి వెళ్లి, మధ్యాహ్నం దాకా పనిచేసి, వారానికి 16 నుంచి 20 డాలర్లు తెచ్చుకునేది. నలుగురు పిల్లలు. వారాంతాల్లో ఒక మగవాడు వచ్చి పోతున్నాడని 1966లో ఆ పిల్లలకు సాయం ఆపేశారు. అతనికి వేరే భార్య, తొమ్మిది మంది సొంత పిల్లలు ఉన్నారు. ఈ నలుగురిని పోషించాల్సిన బాధ్యత చట్టప్రకారం అతనికి లేదు. అయినా అతనే వీళ్లకు మారు తండ్రి అన్నది రాష్ట్రం. కింగ్ వర్సెస్ స్మిత్ కేసులో 1968లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను ఏకగ్రీవంగా కొట్టేసింది. ఈలోగా అలబామా జాబితాల్లో సుమారు 16,000 మంది పిల్లలు తగ్గిపోయారు. మగవాడి బాధ్యతారాహిత్యం గురించి రాసేవారు ముందు ఈ కేసు చదవాలి.

ఇక నా కళ్లతో చూసింది. అక్కడ పెళ్లి కాని జంటకు బిడ్డ పుడితే, తండ్రిగా ఒప్పుకుంటున్నానని సంతకం చేసే కాగితం ఆసుపత్రిలోనే ఇస్తారు. ఆ కాగితం చాలామంది మంచం దగ్గరికి నేనే తీసుకెళ్లాను. అందరూ పారిపోయేవాళ్లే అనుకునేవారికి ఆ వార్డులో ఒక వారం కూర్చోమని చెబుతాను. ఒక అబ్బాయిని నేను మరిచిపోలేను. ఊరి పక్కనే ఉన్న హేజిల్‌వుడ్‌లోని ఫోర్డు కార్ల ఫ్యాక్టరీ 2006లో మూతపడినప్పుడు పని పోయినవాళ్లలో ఒకడు. బిడ్డను గుండెకు ఆనించుకుని, ఆ కాగితం మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివాడు. సంతకం చేస్తే తన మీద కేసు పడుతుందా అని నన్ను అడిగాడు. అతని భయంలో తప్పేమీ లేదు. తల్లి ప్రభుత్వ సాయం తీసుకుంటే, బిడ్డ పోషణకని తండ్రి కట్టే డబ్బు మీద హక్కు రాష్ట్రానికి రాసివ్వాలి. చాలా రాష్ట్రాలు ఆ డబ్బులో ఎక్కువ భాగం, కొన్నిచోట్ల మొత్తం, ఇచ్చిన సాయం కింద జమ వేసుకుంటాయి. తండ్రి జేబులోంచి డబ్బు పోతుంది, బిడ్డ పాలసీసాకి మాత్రం చేరదు. అతను కొనుక్కొచ్చే డైపర్లు ఆ లెక్కలోకి రావు. ఉద్యోగం లేని నెలలు కూడా బాకీ కిందే పేరుకుంటాయి. బాకీ పెరిగితే డ్రైవింగ్ లైసెన్సు ఆపేస్తారు. ఆ ఊళ్లో కారు లేకుండా ఏ ఉద్యోగానికి వెళ్లగలరు?

అతను సంతకం చేశాడు. ఏడాది తర్వాత అదే బిడ్డను టీకాకి తీసుకొచ్చిందీ అతనే. రెండు బస్సులు మారి వచ్చాడు. లైసెన్సు అప్పటికే పోయింది. కౌంటర్ దగ్గర గుమస్తా, తల్లి ఎందుకు రాలేదని నలుగురిలో నిలదీసింది. తల్లి డ్యూటీలో ఉందని తలవంచుకుని చెప్పాడు. తెల్లతండ్రి వస్తే ఎంత మంచి నాన్నో అని మెచ్చుకునే కౌంటరే అది! నా కడుపు రగిలిపోయింది. ఆ రోజే పైవాళ్లకు ఫిర్యాదు రాసిచ్చాను, జవాబు రాలేదు. బిడ్డలతో కలిసి ఉంటున్న నల్లజాతి తండ్రులు స్నానం పోయడంలో, డైపర్ మార్చడంలో, బట్టలు తొడగడంలో తెల్లతండ్రులకు ఏమాత్రం తీసిపోరని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య గణాంకాల కేంద్రం 2013లో ప్రచురించింది కూడా.

కలిసి ఉండలేకపోతున్న తండ్రుల సంగతీ రాయాలి. సెయింట్ లూయిస్ పక్కనే ఫెర్గూసన్ ఉంది. అప్పట్లో సుమారు 21,000 మంది ఉండే ఊరు. 2014 చివరికి ఆ ఊరి కోర్టు జారీ చేసిన అరెస్టు వారంట్లు 16,000 మందికి పైగా జనం మీద పెండింగులో ఉన్నాయని అమెరికా న్యాయశాఖే రాసింది. ఎక్కువగా ట్రాఫిక్ జరిమానాలు, చిన్నాచితకా కేసులు. ఫ్యాక్టరీలు పోయి, వారంట్లు మిగిలిన చోట పెళ్లిళ్లు ఎలా నిలబడతాయి?

వ్యాసకర్త గారు చెప్పిందే నిజమైతే, సాయం తగ్గినప్పుడు కుటుంబాలు మళ్లీ కుదుటపడాలి. 1970 నుంచి పాతికేళ్లలో ఆ సాయం విలువ దాదాపు సగం పడిపోయింది. ఒంటరి తల్లులు తగ్గలేదు, పెరిగారు. 1996లో అధ్యక్షుడు క్లింటన్ పాత పథకాన్నే ఎత్తేసి, ఐదేళ్ల గడువు పెట్టి, పని చేసి తీరాలన్నాడు. అంతకుముందు ఒక దశలో కోటీ 40 లక్షలు దాటిన లబ్ధిదారులు 2000 నాటికి సగానికన్నా తక్కువయ్యారు. నల్లజాతి బిడ్డల్లో పెళ్లి కాని తల్లులకు పుట్టేవారు మాత్రం అప్పుడూ నూటికి 70 దగ్గరే, ఇప్పుడూ అక్కడే. దీనికి ఆయన జవాబు రాయాలి.

మీ ప్రవాస పేజీ మీద కూడా నాకు కోపం ఉంది. సంక్రాంతి ముగ్గులు, వనభోజనాలు, సంఘాల ఎన్నికలు, ఇవే వేస్తారు. అదే ఊళ్లో నాలుగు మైళ్ల అవతల ఉన్న మనుషుల గురించి ఒక్క ముక్క రాదు. అటువైపు వెళ్లొద్దని పిల్లలకు చెప్పే మనవాళ్ల డ్రాయింగు రూముల్లో నేనూ కూర్చున్నాను. మనకు అమెరికా తలుపు తెరిచిన వలస చట్టం వచ్చింది కూడా 1965లోనే. నల్లజాతివాళ్లు వీధుల్లో దెబ్బలు తిని పోరాడిన పౌరహక్కుల ఉద్యమం లేకపోతే ఆ చట్టమూ లేదు. ఆ సంగతి తెలియకుండా పెరిగినవారే తర్వాత ఇలాంటి వ్యాసాలు రాస్తారు.

పోలిక తేవాలనుకుంటే తెచ్చుకోండి, కానీ సరైన చోట తెండి. ఇంటికి ఒకటే పింఛను అన్న నిబంధన ఇక్కడ ఏం చేసిందో మా వీధిలో చూశాను. ఒకే వంట, ఒకే కప్పు కింద ఉన్న తల్లిని, కొడుకుని రెండు రేషన్ కార్డుల్లోకి విడదీశారు. ఎవరైనా తనిఖీకి వస్తే ముసలావిడ మంచం వరండాలోకి మారుతుంది. ఆమెను సోమరి అందామా, అబద్ధాలకోరు అందామా? ఆ నిబంధన రాసినవారిని ఏమందాం? మీ విలేకరిని పంపి ఇలా ఎన్ని కార్డులు చీలాయో రాయించండి. మా వీధి నుంచే మొదలుపెట్టవచ్చు, ఇంటింటికీ నేను వెంట వస్తాను.

ఇట్లు
ఒక విశ్రాంత నర్సు, గుంటూరు