హార్డ్ డిస్క్ కొంటున్నారా? '6 జీబీపీఎస్' స్టిక్కర్‌ని పట్టించుకోకండి

మనోహరాబాద్ వైపు నుంచి పీసీ పార్ట్స్ కోసం బయల్దేరితే మేడ్చల్ దాటి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కే చేరతాం. అక్కడ ఏ హార్డ్ డిస్క్ డబ్బా తిప్పి చూసినా పెద్దక్షరాల్లో కనిపించేది 'సాటా 6 జీబీపీఎస్'. నన్నడిగితే హార్డ్ డిస్క్‌కి ఆ అంకె దాదాపు దండగ.

సాటా 3 సెకనుకు 600 ఎంబీ మోయగలదు. లోపల తిరిగే మామూలు 7200 ఆర్పీఎం డిస్క్ ఇచ్చేది 150-200 ఎంబీ. దానికి పాత సాటా 2 కూడా ఎక్కువే. 44వ నంబర్ హైవే ఎంత వెడల్పుంటే ఏంటి, ట్రాక్టర్ స్పీడ్ ట్రాక్టర్‌దే కదా!

మరి ఆర్పీఎం? అది తేడా చూపిస్తుంది. కావాల్సిన డేటా హెడ్ కిందికి రావాలంటే ప్లాటర్ సగటున అర చుట్టు తిరగాలి. 5400లో దానికి 5.56 మిల్లీసెకన్లు, 7200లో 4.17. విండోస్ బూట్ అయ్యేటప్పుడు వేల చిన్న ఫైళ్లు చదవాలి కాబట్టి ఈ ఆలస్యం కూడుతూనే పోతుంది. 2003లో వెస్టర్న్ డిజిటల్ 10,000 ఆర్పీఎం రాప్టర్ తెచ్చినా అర చుట్టుకి 3 మిల్లీసెకన్లు తప్పలేదు. ఎస్ఎస్‌డీలో తిరిగేదే లేదు. అందుకే పాత పీసీ స్పీడ్ కోసం 7200 డిస్క్ వెతక్కండి, చిన్న ఎస్ఎస్‌డీ వేయండి. సాటా 2 బోర్డైనా తేడా తెలిసిపోతుంది.

ఇక సీసీ కెమెరాల సంగతి. మనోహరాబాద్, కాళ్లకల్ చుట్టూ ఫ్యాక్టరీలు ఎక్కువ కాబట్టి ఇది చాలామందికి పనికొస్తుంది. కెమెరాకి 4 మెగాబిట్ల చొప్పున 16 కెమెరాలు రికార్డ్ చేసినా సెకనుకు 8 ఎంబీయే. 5400 డిస్క్ ఆవలిస్తూ రాసేస్తుంది. కానీ రోజుకి దాదాపు 690 జీబీ నిండుతుంది. అంటే 4 టీబీ డిస్క్ ఆరు రోజుల్లోపే పాత ఫుటేజ్ చెరపడం మొదలుపెడుతుంది. దొంగతనం పదో రోజున బయటపడితే 7200 ఆర్పీఎం ఏం చేస్తుంది చెప్పండి? డబ్బులు సైజ్ మీద పెట్టండి.

ఇంటర్‌ఫేస్ నిజంగా చూడాల్సింది ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కి. యూఎస్‌బీ 2.0 పోర్ట్‌లో పెడితే 35-40 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది. 100 జీబీ పెళ్లి వీడియో కాపీకి ముప్పావు గంట! అదే డ్రైవ్‌ని యూఎస్‌బీ 3.0 పోర్ట్‌కి మారిస్తే పావుగంట చాలు. పైసా ఖర్చు లేదు.

అన్నట్టు, '5400 ఆర్పీఎం క్లాస్' అని అమ్మిన కొన్ని డబ్ల్యూడీ డ్రైవ్‌లు నిజానికి 7200తో తిరుగుతున్నాయని 2020లో బయటపడింది. డబ్బా మీద 'క్లాస్' అనే మాట కనిపిస్తే ఆ మోడల్ టెస్ట్ రివ్యూ చూశాకే జేబులో చెయ్యి పెట్టండి.