మన ముహూర్తం, వాళ్ల చేతులు

డాలస్ శివారులో మేం ఇల్లు కట్టించుకుంటున్న రోజులవి. అమెరికాలో ఇల్లంటే మనలా ఇటుకా సిమెంటూ కాదు. పునాది పడ్డాక ముందు చెక్కలతో ఫ్రేము నిలబెడతారు. ఆఫీసు అవగానే వెళ్లి చూసుకునేవాణ్ణి. సందు మలుపు తిరగ్గానే దీపావళి టపాకాయల్లా ‘టప్ టప్ టప్’ అని వినిపించేది. అది నెయిల్ గన్ చప్పుడు. ఎంత జోరుగా వినిపిస్తే నాకంత సంతోషం.

కారణం ముహూర్తం. శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నాం. అది దాటితే కార్తీకం దాకా ఆగాలన్నారు పంతులుగారు. ఇండియా నుంచి అమ్మావాళ్లకి టికెట్లు కూడా కొనేశాం. అందుకే సూపర్‌వైజర్ కనపడితే చాలు, ‘కాస్త త్వరగా కానివ్వండి’ అని వెంటపడేవాణ్ణి. పనివాళ్లకి చదరపు అడుగుల లెక్కన డబ్బులు. కాబట్టి తొందర వాళ్లకీ ఉంది.

ఓ శనివారం మంచినీళ్ల సీసాలు పట్టుకుని వెళ్తే చప్పుడు లేదు. పనివాళ్లంతా ఒకచోట గుమిగూడి ఉన్నారు. మధ్యలో చెక్కల దొంతర మీద పద్ధెనిమిది, పందొమ్మిదేళ్ల కుర్రాడు కూర్చుని ఉన్నాడు. ఎడమ చూపుడువేలి మొదట్లో మూడంగుళాల మేకు దిగి, అటువైపు మొన కనిపిస్తోంది. ఒకతను పట్టకారుతో లాగబోతే పెద్ద మేస్త్రీ కసిరి ఆపాడు. ట్రక్కు ఎక్కిస్తుంటే కుర్రాడు స్పానిష్‌లో ఏదో అన్నాడు. ఏమన్నాడని అడిగాను. ‘సోమవారం తనకి పని ఉంటుందా అంటున్నాడు’ అన్నాడు మేస్త్రీ.

అతను పనిలో చేరి అప్పటికి వారమే. గన్ వాడటం ఎవరు నేర్పారని అడిగితే, ‘చూసి నేర్చుకున్నాడు’ అన్నాడు. ఆ రాత్రి నిద్రపట్టక దీని గురించి చదవడం మొదలుపెట్టాను.

కార్మికుల భద్రత చూసే ఓషా, పరిశోధన చేసే నయోష్ అనే రెండు అమెరికా ప్రభుత్వ సంస్థలు 2011లో కాంట్రాక్టర్ల కోసం ఓ చిన్న పుస్తకం తెచ్చాయి. నెయిల్ గన్ గాయాలతో ఏటా సుమారు 37,000 మంది ఎమర్జెన్సీకి వెళ్తున్నారని అందులో ఉంది. ఇంట్లో సొంతంగా పని చేసుకునేవాళ్లూ ఆ లెక్కలో ఉన్నారు. ఇళ్లు కట్టే పని నేర్చుకుంటున్న వడ్రంగుల్లో ప్రతి అయిదుగురిలో ఇద్దరికి నాలుగేళ్ల కాలంలో ఈ గన్‌తో దెబ్బ తగిలిందట. గాయాల్లో సగానికి పైగా చేతికీ వేళ్లకే.

అసలు కిటుకు ట్రిగ్గర్‌లో ఉంది. గన్ ముక్కుని చెక్కకి ఆనించి నొక్కాలి, ట్రిగ్గర్ కూడా నొక్కాలి. రెండూ కలిస్తేనే మేకు దిగుతుంది. ఒక రకంలో ముందు ముక్కు, తర్వాతే ట్రిగ్గర్. ఇంకో మేకు కొట్టాలంటే రెండూ వదిలి మళ్లీ మొదలుపెట్టాలి. దీన్ని సీక్వెన్షియల్ అంటారు. రెండో రకంలో ట్రిగ్గర్ నొక్కిపట్టి ఉంచితే చాలు, ముక్కు ఎక్కడ తగిలితే అక్కడ మేకు దిగుతుంది. చెక్కకి తగిలినా అంతే, తొడకి తగిలినా అంతే. పైగా గన్ వెనక్కి తన్ని మళ్లీ ముందుకు పడితే, అడగని రెండో మేకు కూడా వచ్చేస్తుంది. మొదటి రకంతో పోలిస్తే దీనితో గాయపడే ప్రమాదం దాదాపు రెట్టింపు. నన్ను అంత సంతోషపెట్టిన ఆ ‘టప్ టప్ టప్’ ఈ రెండో రకానిదే!

పోనీ, పని త్వరగా అవుతుంది కదా అంటారా? అదీ పరీక్షించి చూశారు. అనుభవం ఉన్న పదిమంది వడ్రంగులతో ఒకేలాంటి చిన్న షెడ్లు రెండు రకాల గన్లతోనూ కట్టించారు. రెండో రకంతో మేకులు కొట్టే సమయం 10 శాతం తగ్గింది. మొత్తం కట్టే సమయంలో చూస్తే అది 1 శాతం కూడా లేదు. గన్ రకం కన్నా పట్టుకున్న మనిషి పనితనం వల్లే ఎక్కువ తేడా వచ్చింది. ఆ ఒక్క శాతం కోసమా నేను సూపర్‌వైజర్ వెంటపడింది?

నేర్పాల్సిన సంగతులు కూడా బ్రహ్మవిద్యేం కాదు. నడిచేటప్పుడు ట్రిగ్గర్ మీద వేలు ఉండకూడదు. రెండో చెయ్యి మేకు దిగేచోటికి కనీసం అడుగు దూరంలో ఉండాలి. మేకు ఇరుక్కుంటే ముందు గాలి గొట్టం ఊడదీయాలి. చెక్కలో ముడి ఉన్నచోట మేకు పక్కకి తిరిగి వస్తుంది, చూసుకోవాలి. కంటికి అద్దాలు తప్పనిసరి. మేకు ఒంట్లో దిగితే సొంతంగా పీకకూడదు. దానికి ముళ్లలాంటివి ఉంటే లోపల ఇంకా చీరుకుపోతుంది. ఆ రోజు మేస్త్రీ కసిరింది అందుకే. అయితే ఇవన్నీ కాగితం మీద సంతకం పెట్టించుకుంటే రావు. గన్ చేతికిచ్చి, పక్కన నిలబడి, అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. కొత్తవాడికి ఇచ్చే గన్ మొదటి రకానిదే అయి ఉండాలి.

సోమవారం వెళ్లి సూపర్‌వైజర్‌తో, ‘గృహప్రవేశం కార్తీకానికి మార్చుకున్నాం, మీరు హడావుడి పడొద్దు. కొత్తవాళ్లకి మాత్రం ఆ ట్రిగ్గర్ మార్చండి’ అన్నాను. చూస్తానన్నాడు. మార్చాడో లేదో నాకు తెలీదు. ఆ కుర్రాడు మళ్లీ మా ఇంటి పనికి రాలేదు. వేలు సరిగ్గా వంగుతోందో లేదో, సోమవారం ఎక్కడైనా పని దొరికిందో లేదో కూడా తెలీదు. టికెట్లు మార్చినందుకు అమ్మ మాత్రం ఒక్క మాట అనలేదు. ‘ఇంట్లో దీపం పెట్టేముందు ఎవరి రక్తమూ పడకూడదురా’ అంది, అంతే.

మొన్న హైదరాబాద్ వచ్చినప్పుడు మా బావమరిది ఫ్లాట్‌లో వుడ్‌వర్క్ జరుగుతోంది. కంప్రెసర్ మోత మధ్య మళ్లీ అదే ‘టప్ టప్’. ఇక్కడి గన్ చిన్నది, మేకులు సన్నవి. కానీ కాళ్లకి హవాయి చెప్పులు, కళ్లకి ఏమీ లేవు, వయసు మాత్రం ఇంచుమించు అదే. బావమరిది మేస్త్రీని అడుగుతున్నాడు, ‘దసరాకల్లా అయిపోతుందా?’ అని.

మీ ఇంట్లో కూడా పని జరుగుతుంటే, ‘ఎప్పటికి అవుతుంది?’ అని అడిగేముందు ఇంకో మాట అడగండి. ‘ఈ అబ్బాయికి గన్ పట్టుకోవడం ఎవరు నేర్పారు?’ అని.